కోటాలో మోగే చప్పుడు ఎవరిది?

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలుమార్గంలో కోటా అనే చిన్న పట్టణం ఉంది. రైల్వేవారి బోర్డు మీద ఆ పేరు కనిపించదు, స్టేషను పేరు కర్గీ రోడ్. రాజకీయాలు గమనించేవారికి ఈ ఊరు కొత్త కాదు. 2006 ఉపఎన్నిక మొదలు 2023 దాకా అజిత్ జోగి సతీమణి రేణు జోగిని శాసనసభకు పంపిన నియోజకవర్గమిది. ఛత్తీస్‌గఢ్ అంతటా కాంగ్రెస్ ఊడ్చేసిన 2018లోనూ కోటా ఆమెను జోగి సొంత పార్టీ టికెట్టు మీద గెలిపించింది. 2023లో కాంగ్రెస్ వైపు మొగ్గింది. అయితే ఈ వ్యాసానికి కావలసింది కోటా ఓట్ల లెక్క కాదు, కోటా చెవుల లెక్క.

ఆ చెవుల్లో పడే మొదటి చప్పుడు గూడ్సు బళ్లది. ఆగ్నేయ మధ్య రైల్వేకూ, ఆగ్నేయ కోల్‌ఫీల్డ్స్ సంస్థకూ బిలాస్‌పూరే ప్రధాన కేంద్రం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు తరాల తరబడి కొలువు చేస్తూ వచ్చిన రైల్వే పట్టణమది. ఇక్కడ రైలంటే ముందు బొగ్గు, తర్వాతే మనిషి. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చాలడం లేదని దేశమంతటా వందలాది ప్యాసింజరు సర్వీసులను రద్దు చేసినప్పుడు ఈ జోన్ ప్రయాణికులు పడిన అవస్థ ఇంతా అంతా కాదు. బొగ్గుకు దారి ఇవ్వడానికి మనుషులను ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన సంవత్సరం అది.

రెండో చప్పుడు డీజేది. గణేశ్ నిమజ్జనమైనా, దుర్గా నిమజ్జనమైనా, పెళ్లి బరాత్ అయినా, నాయకుడి విజయయాత్ర అయినా లారీ మీద గోడలా పేర్చిన స్పీకర్లు వీధిలోకి వస్తాయి. కిటికీ అద్దాలు వణుకుతాయి, పసిపిల్లలు ఉలిక్కిపడతారు, గుండె జబ్బు ఉన్న ముసలివారు లోపలి గదిలోకి తరలుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. సుప్రీంకోర్టు 2005 జూలైలో దీనిపై విస్తృతమైన తీర్పు ఇచ్చింది. అంతకు ముందే, 1985లో, అవిభక్త మధ్యప్రదేశ్ కోలాహల నియంత్రణ చట్టం చేసింది. ఇన్ని ఉన్నా డీజే ఆగలేదు. చివరకు బిలాస్‌పూర్ శివారులోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టి ప్రభుత్వాన్ని పలుమార్లు నిలదీయవలసి వచ్చింది. పాత చట్టం కింద వేసే జరిమానా డీజే యజమానికి ఒక రాత్రి బేరంలో చిల్లర డబ్బు.

మూడో చప్పుడు బయటికి వినిపించదు. అది ఇయర్‌ఫోన్ల లోపల ఉంటుంది. దేశంలోని ఏ కళాశాల హాస్టలులోనైనా, ఏ రైల్వే కాలనీలోనైనా, ఫోన్లో మెటాలికాను, స్లేయర్‌ను, సెపుల్తురాను వినే కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇంట్లో పెద్దలు దానిని గోల అంటారు. సంస్కృతి పరిరక్షకులు దెయ్యాల సంగీతం అంటారు. అభ్యుదయవాదులు పాశ్చాత్య వికృతి అంటారు. మొదటి రెండు చప్పుళ్లనూ అభివృద్ధి అనీ సంప్రదాయం అనీ భరించే సమాజం, ఎవరి నిద్రనూ చెడగొట్టని ఈ మూడో చప్పుడు దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకుంటుంది. గురివింద గింజ సామెత ఇలాంటి సందర్భం కోసమే పుట్టి ఉంటుంది.

ఈ అభియోగం ఎంత బోలుదో ముందు చూడాలి. తర్వాత దానికంటె పెద్దదైన మరో అభియోగం ఉంది. అది మెటల్ అభిమానుల మీదే.

దెయ్యాల పాట

త్రాష్ మెటల్ 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో రూపు దిద్దుకుంది. బ్రిటిష్ హెవీ మెటల్ బరువుకూ హార్డ్‌కోర్ పంక్ వేగానికీ పుట్టిన బిడ్డ అది. గిటారు తీగలను అరచేతి అంచుతో అదిమిపట్టి దడదడా కొట్టడం, రెండు కాళ్లతో బాస్ డ్రమ్ము మోగించడం, నిమిషానికి రెండు వందల దెబ్బలకు అటూ ఇటూగా పరిగెత్తే లయ, పాట కన్న కేకకు దగ్గరగా ఉండే గొంతు దాని లక్షణాలు. 1983లో మెటాలికా తొలి ఆల్బమ్ ‘కిల్ ఎమ్ ఆల్’ వచ్చింది. 1986 ఒక్క సంవత్సరంలోనే మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’, స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’, మెగాడెత్ ‘పీస్ సెల్స్’ వెలువడ్డాయి. ఆ దారిలోనే డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్ వంటి మరింత తీవ్రమైన శాఖలు చీలాయి.

ఆ కేకలో ఏముంది? అణుయుద్ధ భయం ఉంది. యుద్ధానికి పంపి మరచిపోయిన సైనికుడు ఉన్నాడు. మత్తుమందుకు బానిసైన యువకుడు ఉన్నాడు. డబ్బుకు తూగే న్యాయస్థానం ఉంది. మెటాలికా 1988 ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ అట్ట మీద న్యాయదేవత విగ్రహం తాళ్లతో కట్టి కనిపిస్తుంది. రీగన్ పాలనలోని అమెరికా తన ఆయుధాలను, తన మార్కెట్టును, తన దేవుణ్ణి ఒకే గొంతుతో కీర్తిస్తున్న కాలంలో ఈ కుర్రవాళ్లు ఆ కీర్తనలో గొంతు కలపలేదు. వారిది స్పష్టమైన రాజకీయ సిద్ధాంతం కాదు. అయితే అబద్ధాన్ని మెత్తగా చెప్పడానికి ఒప్పుకోకపోవడం కూడా రాజకీయమే.

అధికారం ఎలా స్పందించిందో తెలుసుకుంటే దాని స్వభావం బోధపడుతుంది. 1985లో వాషింగ్టన్ ప్రముఖుల భార్యలు కొందరు పిల్లలను చెడు పాటల నుంచి కాపాడతామంటూ ఒక సంస్థ పెట్టారు. వారిలో ఒకరు సెనేటర్ ఆల్ గోర్ భార్య టిప్పర్ గోర్, మరొకరు ఆర్థిక మంత్రి జేమ్స్ బేకర్ భార్య సూసన్ బేకర్. ఆ ఏడాది సెప్టెంబరు 19న సెనేట్ కమిటీ విచారణ జరిపింది. ఆ కమిటీలో ఆల్ గోర్ కూడా సభ్యుడే. ట్విస్టెడ్ సిస్టర్ అనే మెటల్ బృందం గాయకుడు డీ స్నైడర్ సాక్ష్యం చెప్పాడు. ఆ బృందం పాట ఒకదానిలో లైంగిక హింస ఉందని ఆరోపణ. అది తన తోటి వాద్యకారుడికి జరగబోయే గొంతు శస్త్రచికిత్స గురించిన పాట అని ఆయన వివరించాడు. శస్త్రచికిత్స భయంలో కామోద్రేకం వినిపించిందంటే లోపం పాటలో ఉందా, విన్న చెవిలో ఉందా?

ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నార్వేలో 1992, 1993 సంవత్సరాల్లో బ్లాక్ మెటల్ గుంపుకు చెందినవారు చర్చిలను తగలబెట్టారు. వందల ఏళ్ల నాటి ఫాంటోఫ్ట్ కొయ్య చర్చి బూడిదైంది. ఒక వాద్యకారుడు మరొకరిని హత్య చేసి 21 ఏళ్ల శిక్ష పొందాడు. ఆ శాఖ అంచుల్లో నాజీ భావజాలం బాహాటంగానే తిష్ఠ వేసింది. దీనిని కేవలం కుర్రతనం అని కొట్టిపారేయడం కుదరదు. మెటల్ వేదికల మీద స్త్రీల స్థానం చాలాకాలం పాటు సిగ్గుచేటుగా ఉన్న మాటా నిజం. అయితే నేరం చేసిన పదిమందిని చూపి సంగీతాన్నే ముద్దాయిని చేయాలంటే, ఊరేగింపు పాటల సాక్షిగా దేశంలో జరిగిన మతఘర్షణల లెక్క కూడా తీయవలసి వస్తుంది. ఆ లెక్కకు ఎవరు సిద్ధంగా ఉన్నారు?

పైగా ఇతర దేశాల్లో ఈ సంగీతం విన్నందుకే మనుషులు జైలుకు వెళ్లారు. 1997 జనవరిలో ఈజిప్టు పోలీసులు సైతానును పూజిస్తున్నారంటూ దాదాపు వందమంది యువతీ యువకులను ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. 2003లో మొరాకో న్యాయస్థానం పద్నాలుగు మంది మెటల్ వాద్యకారులకు, అభిమానులకు శిక్ష వేసింది. ఇరాన్‌లో కన్ఫెస్ అనే బృందం సభ్యులు 2015లో అరెస్టయి, చివరకు నార్వేలో తలదాచుకున్నారు. నల్ల చొక్కా, పొడుగు జుట్టు చూసి భయపడే రాజ్యం బలమైనదేమీ కాదు. దాని భయమే దాని బలహీనతను బయటపెడుతుంది.

బొగ్గు ఊళ్ల సంగీతం

ఇప్పుడు అసలు విషయం. మెటల్ ఎక్కడ పుట్టిందో చూస్తే కోటా గుర్తుకు రావడం యాదృచ్ఛికం కాదు.

ఈ సంగీతానికి మూలపురుషులైన బ్లాక్ సబ్బత్ బృందం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్ఖానా పేటల నుంచి వచ్చింది. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజున యంత్రం కింద పడి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. వేళ్లకు నొప్పి తగ్గడానికి తీగలను వదులు చేశాడు. ఆ వదులు తీగల లోతైన మోతే తర్వాత మెటల్ ధ్వనికి పునాది అయింది. పారిశ్రామిక ప్రమాదం నుంచి ఒక సంగీత శైలి పుట్టడం చరిత్రలో అరుదు.

జర్మనీకి వెళ్తే సంబంధం మరింత సూటిగా కనిపిస్తుంది. త్రాష్‌లో అమెరికాకు దీటుగా నిలిచిన క్రియేటర్ బృందం ఎస్సెన్ నగరానిది, సోడోమ్ బృందం గెల్సెన్‌కిర్షెన్‌ది. రెండూ రూర్ లోయలోని బొగ్గు పట్టణాలు. సోడోమ్ నాయకుడు టామ్ ఏంజెల్‌రిప్పర్ స్వయంగా బొగ్గు గనిలో పనిచేసినవాడు. ఎస్సెన్‌లో ప్రసిద్ధమైన జోల్‌వెరైన్ గని 1986 డిసెంబరులో మూతపడింది. క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’ వెలువడిందీ ఆ సంవత్సరంలోనే. తండ్రులకు పని పోతున్న ఊళ్లో కొడుకులకు మెత్తని రాగం ఎక్కడి నుంచి వస్తుంది? గనిలో డ్రిల్లింగు యంత్రం మోత విన్న చెవికి త్రాష్ గోలలా తోచదు. అది ఇంటి భాష.

బ్రెజిల్ ఉదాహరణ ఛత్తీస్‌గఢ్‌కు మరీ దగ్గర. సెపుల్తురా పుట్టిన బేలో హొరిజొంచే, గనుల పేరే తన పేరుగా పెట్టుకున్న మినాస్ జెరాయిస్ రాష్ట్ర రాజధాని. సైనిక నియంతృత్వం చివరి దశలో, 1984లో, ఆ బృందం ఏర్పడింది. 1993లో వచ్చిన ‘కేయాస్ ఎ.డి.’ ఆల్బమ్‌లో 111 మంది ఖైదీలను పోలీసులు చంపిన కరాందిరు జైలు మారణకాండ ఉంది. తమ భూములు లాక్కుంటే సామూహికంగా ప్రాణాలు తీసుకుంటామన్న కైయొవా ఆదివాసులకు అంకితమిచ్చిన వాద్యగీతం ఉంది. 1996లో వచ్చిన ‘రూట్స్’ కోసం వారు మాటో గ్రోసో వెళ్లి షవాంటే ఆదివాసుల మధ్య కూర్చుని, వారితో కలిసి ధ్వనిముద్రణ చేశారు. గిటారు ఆంప్లిఫయర్లతో పెరిగిన కుర్రవాళ్లు అడవిలో నేల మీద కూర్చుని నేర్చుకున్నారు.

కోటా చుట్టూ గోండు, బైగా ఆదివాసుల ఊళ్లు ఉన్నాయి. అక్కడికి ఉత్తర తూర్పుగా హస్‌దేవ్ అరణ్యం ఉంది. బొగ్గు బ్లాకుల కోసం ఆ అడవిని నరకవద్దని 2021 అక్టోబరులో ఆదివాసులు 300 కిలోమీటర్లు నడిచి రాయపూర్ వచ్చారు. బర్మింగ్‌హామ్‌లో, రూర్‌లో, మినాస్ జెరాయిస్‌లో ఉన్న బొగ్గు, ఇనుము, విస్థాపన, కోపం ఇక్కడా ఉన్నాయి. లేనిది ఆ కోపానికి గొంతునిచ్చే గిటారు మాత్రమే. ఎందుకు లేదు?

ప్యాలెస్ గ్రౌండ్సు పెద్దమనుషులు

ఈ ప్రశ్నకు జవాబు భారతీయ మెటల్ అభిమానులే చెప్పాలి. రెండో అభియోగం వారి మీద.

మన దేశంలో మెటల్ అడుగు పెట్టింది ఇంగ్లీషు మీడియం పాఠశాలల గుండా, ఇంజినీరింగ్ కళాశాలల ఉత్సవాల గుండా. 2007లో ఐరన్ మైడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో వాయించింది. 2011 అక్టోబరులో మెటాలికా వచ్చింది. గురుగ్రామ్ కచేరీ నిర్వహణ లోపాలతో రద్దయి, ఆగ్రహించిన ప్రేక్షకులు వేదికను ధ్వంసం చేయగా నిర్వాహకులు అరెస్టయ్యారు. రెండు రోజుల తర్వాత బెంగళూరు కచేరీ మాత్రం ఘనంగా జరిగింది. 2012లో స్లేయర్ వచ్చింది. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, కొచ్చి నుంచి రాత్రి బస్సుల్లో వేలమంది తరలివెళ్లారు. వారిలో తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తక్కువేమీ కాదు.

స్వదేశీ బృందాలకూ ప్రతిభ కొరత లేదు. బెంగళూరులో క్రిప్టోస్, ముంబైలో డెమోనిక్ రిసరెక్షన్, తిరువనంతపురంలో కేయాస్ ఉన్నాయి. హైదరాబాదు మూలాలున్న గాడ్‌లెస్ బృందం 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డికడెన్స్’, 2018లో ‘స్వార్మ్’, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ వెలువరించింది. ఆ డెత్ మెటల్ నైపుణ్యం ప్రపంచంలో ఎవరికీ తీసిపోదు. లాభాపేక్ష లేకుండా, సినిమా అవకాశం ఆశించకుండా, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు సాధన చేసిన ఇలాంటి కళాకారులను చులకన చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయినా అడగవలసింది అడగాలి. నాలుగు దశాబ్దాల ప్రపంచ త్రాష్ చరిత్రలో ప్రతి ముఖ్యమైన బృందం తన కాలంలోని తన ప్రభుత్వం గురించి, తన ఊరి గురించి ఏదో ఒకటి మాట్లాడింది. భారతీయ మెటల్‌లో అత్యధిక భాగం మాత్రం ఎవరిదో తెలియని నరకం గురించి, ఏ పటంలోనూ లేని యుద్ధం గురించి, ఇంటి పక్కవాడికి అర్థం కాని ఇంగ్లీషులో పాడింది. రూర్ కుర్రవాళ్లు గనిలోంచి వచ్చి పాడారు. మనవాళ్లు వారి కోపాన్ని దిగుమతి చేసుకున్నారు, స్వదేశీ కోపాన్ని గేటు బయట నిలబెట్టారు. కులం అనే మాట ఈ సంగీతంలో ఎన్నిసార్లు వినిపించింది? హస్‌దేవ్ అనే మాట? చొక్కా మీద పుర్రె ఉంటుంది, అది ఎవరి పుర్రె అని అడిగే పాట ఉండదు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. ఢిల్లీకి చెందిన బ్లడీవుడ్ ఢోలును, హిందీ పంజాబీ మాటలను త్రాసులో సమానంగా తూచి మెటల్‌లో కలిపింది. 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించింది. 2022లో వచ్చిన వారి ‘రక్షక్’ ఆల్బమ్‌లో లైంగిక హింస మీద, విద్వేష రాజకీయాల మీద పాటలున్నాయి. వాటిలో ఒక పాట పేరు ‘గద్దార్’, అంటే ద్రోహి. తెలుగువారికి ఆ ధ్వనితో మరో మనిషి గుర్తుకు వస్తాడు.

రాజ్యానికి భయం ఏ పాటంటే

గుమ్మడి విఠల్‌రావు గదర్ పార్టీ మీద గౌరవంతో గద్దర్ అయ్యాడు. ఆయన చేతిలో విద్యుత్ గిటారు లేదు. గొంగడి, కర్ర, కాలికి గజ్జె, పక్కన డప్పు ఉండేవి. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటి దగ్గరే దుండగులు కాల్పులు జరిపారు. వెన్నెముకలో దిగిన ఒక తూటాను ఒంట్లోనే మోస్తూ ఇరవై ఆరేళ్లు పాడి, 2023 ఆగస్టు 6న కన్నుమూశాడు. పాట కోసం తూటా తిన్న గాయకుడు ఉన్న భాషలో, పుర్రె బొమ్మ చొక్కాలను తీవ్రవాదం అనుకోవడం హాస్యాస్పదం.

తెలుగులో ‘ఎక్స్‌ట్రీమ్’ అనే మాటకు వేరే చరిత్ర ఉంది. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆ ఆరుగురు వాడిన భాషకు మర్యాదస్తులు ముక్కు మూసుకున్నారు. బూతులన్నారు, పిచ్చి అన్నారు, పాశ్చాత్య అనుకరణ అన్నారు. నేడు మెటల్ మీద వేసే ముద్రలకూ వీటికీ అక్షరం తేడా లేదు. కానీ ఆ అరుపు అరుపుగా మిగిలిపోలేదు. వారిలో నలుగురు 1970 జూలైలో విప్లవ రచయితల సంఘం పుట్టుకలో భాగమయ్యారు. అదే 1970లో బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బత్ యుద్ధోన్మాదుల మీద పాట వెలువరించింది. రెండు ఊళ్లకూ పరిచయం లేదు. కోపానికి పరిచయాలు అవసరం లేదు. 2005 ఆగస్టులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విరసాన్ని కొన్ని నెలల పాటు నిషేధించింది. రాజ్యం ఎవరి మాటకు చెవి ఒగ్గుతుందో నిషేధాల జాబితా చెబుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఆ జాబితా ఇంకా పొడుగు. 2005లో తెచ్చిన ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద వైద్యుడు బినాయక్ సేన్‌ను 2007 మే 14న అరెస్టు చేసింది బిలాస్‌పూర్‌లోనే. 2010లో ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది, 2011లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. బస్తర్‌లో పోలీసు క్యాంపులకు వ్యతిరేకంగా ధర్నాలు చేసిన మూలవాసీ బచావో మంచ్‌ను 2024లో అదే చట్టం కింద చట్టవిరుద్ధమని ప్రకటించారు. చెట్ల కింద కూర్చుని నినాదాలు చేసే ఆదివాసి యువత చప్పుడు భద్రతకు ముప్పు అయింది. కిటికీ అద్దాలు పగిలేలా మోగే డీజే మాత్రం సంప్రదాయం అయింది. డెసిబెల్ మీటరుతో కొలిస్తే ఈ తీర్పు తలకిందులు అవుతుంది. కాబట్టి ఇక్కడ కొలుస్తున్నది శబ్దాన్ని కాదు.

ఇందులోని తర్కం సరళమైనది. ఊరేగింపు డీజే ఎవరి ఇంటి ముందు ఆగాలో, అక్కడ ఏ పాట ఎంత సేపు మోగాలో చాలాసార్లు ముందే నిర్ణయమై ఉంటుంది. అది జనాన్ని గుంపు చేస్తుంది, గుంపును ఓటు చేస్తుంది. అందుకే ఏ పార్టీ అధికారంలో ఉన్నా దాని జోలికి పోదు. హైదరాబాదు పోలీసులు 2024లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు రెండూ ముగిశాక మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించగలిగారంటే, అప్పటిదాకా లేనిది చట్టం కాదు, తెగువ.

మూడు అభ్యంతరాలు

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలను దాటవేయడం తగదు.

మెటల్ మాత్రం శబ్ద కాలుష్యం కాదా అన్నది మొదటిది. మెటల్ కచేరీ మోత తక్కువేమీ కాదు, నియమాలు దానికీ వర్తించాలి. కానీ తేడా సమ్మతిలో ఉంది. కచేరీకి మనిషి టికెట్టు కొని వెళతాడు, నచ్చకపోతే లేచి వస్తాడు. వీధి డీజే మనిషి మంచం దగ్గరికే వస్తుంది, లేచి పోవడానికి మరో ఇల్లు ఉండదు. ప్రజాస్వామ్యంలో గోల నేరం కాదు, బలవంతపు గోల నేరం.

రెండోది, ఇది మన సంగీతం కాదు అన్నది. వయొలిన్ మనది కాదు, నేడు అది లేని కర్ణాటక కచేరీ లేదు. హార్మోనియం పరాయిదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ ఆంక్ష సడలలేదు. ఆ మూడు దశాబ్దాల్లోనూ తెలుగు నాటక పద్యం హార్మోనియం శ్రుతి మీదనే ఊరూరా ఊరేగింది. పరాయి వాద్యం ఎప్పుడు సొంతమవుతుందో ఆకాశవాణి నిర్ణయించలేదు, కురుక్షేత్రం నాటకం చూడటానికి తెల్లవార్లూ కూర్చున్న జనం నిర్ణయించారు.

మూడోది బలమైనది. ఆదివాసులకు, రైల్వే కూలీలకు వారి పాటలు వారికి ఉన్నాయి, నగరపు కుర్రవాళ్లు గిటారుతో వచ్చి వారికి గొంతు ఇవ్వవలసిన అవసరమేమిటి? అవసరం లేదు, నిజమే. గొంతు ‘ఇచ్చే’ అహంకారం కన్న మౌనమే మేలు. సెపుల్తురా కూడా షవాంటేలకు గొంతు ఇవ్వలేదు, వారి దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఇక్కడ అడుగుతున్నది వేరు. కోటా విశ్వవిద్యాలయంలో చదివే కుర్రవాడు, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు గ్యాంగ్‌మన్ మనవరాలు గిటారు పట్టుకుంటే, తమ కిటికీలోంచి కనిపించేదాని గురించి తమ భాషలో పాడవచ్చునన్న ధైర్యం వారికి ఎవరు చెప్పాలి? ఇంతకాలం ఈ సంగీతాన్ని ప్రేమించినవారు చెప్పాలి. బెంగళూరు టికెట్టు ధరను అర్హతగా మార్చినవారు చెప్పలేకపోయారు.

భారతదేశంలో మెటల్‌ను ఎవరూ నిషేధించలేదు. మన సహనానికి అది రుజువు అని కొందరు గర్వపడతారు. నిషేధించనిది అది ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు కనుక. ఈజిప్టులో, ఇరాన్‌లో ఆ సంగీతం వినడమే నేరమైంది, ఇక్కడ అది వారాంతపు వినోదమైంది. దెయ్యాల పాట అన్న నింద కన్న ఈ నిరపాయకరత్వమే మెటల్‌కు పెద్ద అవమానం.

కర్గీ రోడ్ మీదుగా ఈ రాత్రి కూడా బొగ్గు బళ్లు వెళతాయి. పండుగ వస్తే డీజే లారీ వస్తుంది, ఠాణా ముందు నుంచే వెళుతుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఇయర్‌ఫోన్లలో వేగంగా పరిగెత్తే మూడో చప్పుడు ఎన్నాళ్లు చెవిలోనే దాక్కుంటుందో చూడాలి. అది బయటికి వచ్చి, కోటా మాటల్లో కోటా సంగతి అరిచిన రోజున పోలీసులు డెసిబెల్ మీటరు వెతికి తీస్తారు. ఆ సంగీతం ఇక్కడ నిజంగా పుట్టిందనడానికి అదే గుర్తు.